మంద కోసం పులివెందులకు

ఖాజీపేట వైపు వాళ్ళం పులివెందులకు విహారానికి వెళ్ళము. పెళ్ళి సంబంధానికో, కోర్టు పనికో వెళ్తాము. నేను గొర్రెల కోసం వెళ్ళాను. కొనడానికి కాదు, మా చేలో కొన్ని రాత్రులు పడుకోబెట్టడానికి.

కోస్తా పాఠకులకు ఇది వింతగా తోచవచ్చు. మా జిల్లాలో దీన్ని మంద పెట్టించడం అంటారు. పగలంతా మేసి వచ్చిన గొర్రెలను సాయంత్రం ఒక చేలోకి తోలి, చుట్టూ తడికలు కట్టి, అక్కడే పడుకోనిస్తారు. తెల్లవారేసరికి చేనంతా పెంట, మూత్రం. రైతు దానికి బదులుగా గింజలు కొలిచి ఇస్తాడు. బండి కట్టే పని లేదు, గంపలు మోసే పని లేదు. ఎరువు తన కాళ్ళ మీద తానే నడిచి వస్తుంది.

మా ఇంటికి ఒకప్పుడు కాలువ కింద ఎంత భూమి ఉండేదో చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. ఇప్పుడున్నది నాలుగెకరాలు. పసుపు పండే నేల. పసుపు భూమిలో ఉన్నదంతా లాగేసే పంట. పోయిన ఏడు సీమ ఎరువు, అంటే ఓడల్లో వచ్చే రసాయన ఎరువు, బస్తాలు తెచ్చి చల్లించాను. ఆకు ఏపుగా వచ్చింది, తవ్వి చూస్తే కొమ్ము లేదు. ఈ ఏడు కూడా అలాగే అయితే చేను కౌలుకు ఇవ్వక తప్పదు. ప్రొద్దుటూరు శనక్కాయల వ్యాపారి ఒకాయన అప్పటికే కబురు మీద కబురు పంపుతున్నాడు. మా వంటి ఇళ్ళ నుంచి ఆ దారిన పోయిన చేలు తిరిగి రావడం నేను చూడలేదు. తొలకరికి ముందే మంద దొరకాలి. మా ఊరికేమో మందలు రావడం మానేసి చాలా ఏళ్ళయింది.

రాజధాని కర్నూలుకు వచ్చిన కొత్తలో, నడి ఎండాకాలం, ఉతికిన పంచె కట్టుకుని, జరీ కండువా వేసుకుని బస్సెక్కాను.

ప్రొద్దుటూరు: ఓడెక్కే ఎముకలు

ప్రొద్దుటూరులో దిగగానే దోసె తిన్నాను. మా వైపు చట్నీ పక్కన పెట్టి, కావలసినంత అద్దుకోనిస్తారు. ఇక్కడ ఎర్రకారం దోసెకే పూసి చేతిలో పెడతారు. నీకు కావాలా అని అడగరు. కళ్ళు తుడుచుకుంటూ ఇంకొకటి చెప్పాను. అణాకు అంత ఏడుపు మరెక్కడా దొరకదు.

నూనె మిల్లులో, ఎరువుగా వేసే శనగ చెక్క ధర అడిగాను. గుమాస్తా ధర చెప్పి, నా కండువా వంక చూసి, ఇంకొంచెం పెంచి మళ్ళీ చెప్పాడు. బయటికి వచ్చేశాను. ఆ మిల్లు పక్కనే ఒక కొట్టం, దాని ముందు ఇంటి ఎత్తున ఎముకల కుప్ప. కుప్ప నీడలో ఖాదర్ సాహెబు అనే వ్యాపారి మంచం వేసుకుని టీ తాగుతున్నాడు. చచ్చిన పశువుల ఎముకలు పల్లెల్లో ఏరించి ఎగుమతి చేయడం ఆయన పని.

"యాడికి పోతాండావప్పా ఇంత ఎండలో?" అన్నాడు.

"ఎరువు కోసం తిరుగుతున్నాను."

"ఎరువంతా నా యీపు యెనకాలే ఉంది, చూడు!" అని కుప్ప చూపించాడు.

"అయితే పొడి కొట్టించి ఇవ్వండి, తీసుకుంటాను."

"ఈడ మిల్లు యాడుందప్పా? ఎర్రగుంట్లలో రైలెక్కిస్తా. ఆడ్నుంచి మద్రాసు, మద్రాసులో ఓడ. మన ఎద్దు ఈడ గడ్డి తిని, ఈడ దున్ని, ఈడ సచ్చి, ఎముకలు మాత్రం దొరల దేశం పోతాయి. నేను ఇంతవరకు మద్రాసు గూడా చూడలా."

"అక్కడ ఏం చేస్తారు వీటిని?"

"యాసిడ్డు పోసి చేలల్లో చల్లుకుంటారంట. మల్లా బస్తాల్లో మనకే అమ్ముతారంట. నువ్వు తెచ్చుకున్న బస్తాలో మీ ఊరి ఎద్దే ఉందేమో! ఈసారి ఇప్పినప్పుడు కొమ్ములుండాయేమో చూడు!"

నాకు నవ్వు వచ్చింది గానీ నవ్వలేదు. ఆయన ఇంకో టీ తెప్పించి, "చెక్క కొనే తాహతు లేకపోతే మంద పెట్టించుకోరాదా?" అన్నాడు. తాహతు సంగతి నేను అడగలేదని చెప్పాను. "కోపం పడొద్దప్పా, శానా మంది కొనలేకుండా ఉండారు. నాకు గూడా ఏముంది, ఎముకలే!" అని దారి చెప్పాడు. జమ్మలమడుగు దగ్గర ఏటి ఒడ్డున ఒక మంద ఉందని, అది లేకపోతే పులివెందుల కొండల కింద నరసమ్మ మంద తప్పకుండా ఉంటుందని.

టీకి దుడ్లు ఇవ్వబోతే తీసుకోలేదు. మా ఇంట్లో ఎవరూ ఊరికే టీ తాగి లేచిన వాళ్ళు కారు. కాబట్టి కుప్ప నీడ జరిగిపోతే, ఆయన మంచం మళ్ళీ నీడలోకి జరపడానికి ఒక పక్క పట్టి, అప్పుడు బయలుదేరాను.

జమ్మలమడుగు: కాయ నీది, తొక్క చేనుది

జమ్మలమడుగులో పెన్న ఒట్టి ఇసుక. ఆడవాళ్ళు చెలమలు తోడి కడవలు నింపుకుంటున్నారు. కాలువ నీళ్ళ పక్కన పెరిగినవాణ్ణి, నీటి కోసం నేలను గోకడం చూస్తే నాకు ఇబ్బందిగా ఉంటుంది. వాళ్ళకు లేదు. కబుర్లు చెప్పుకుంటూ తోడుతున్నారు.

మంద అప్పటికే కోవెలకుంట్ల వైపు వెళ్ళిపోయిందట. ఆ మాట చెప్పినవాడు పుల్లన్న, ఏటి ఇసుకలో పుచ్చకాయలు పండించే మనిషి. కాళ్ళు కాలుతుంటే అతని పందిరి కిందికి వెళ్ళాను. రెండణాలకు, నేను ఒక చేత్తో ఎత్తలేనంత కాయ పగలగొట్టి ముందు పెట్టాడు.

"ఇంత ఇసుకలో ఎట్ల కాస్తాదా అని చూస్తాండావు గదా మామా?"

"గుంట తీసి అడుగున ఎరువు వేసుంటావు."

అతను కొంచెం నిరాశపడ్డాడు. "ఏసినాలే. గంపెడు. మిగిలిందంతా ఏరు ఏసింది. వాన కాలంలో ఎర్ర నీళ్ళొస్తాయి గదా, ఆ ఒండ్రు ఇసుక కింద పొరగా నిలుస్తాది. అనంతపురం రైతుల మట్టి మామా అది! వాళ్ళ చేలు కోసుకొచ్చి నాకిచ్చిపోతాది. పాపం, వాళ్ళెవరన్నా ఈడికొస్తే ఒక ముక్క కోసిస్తా."

"నీ మట్టి ఎవరికి పోతుంది?"

"నెల్లూరోళ్ళకు. వాళ్ళు నాకు ముక్క కోసిస్తారో లేదో!"

తిన్నంత తిని, తొక్కలు చేత్తో పట్టుకుని ఒడ్డున ఆవు కనబడితే వేద్దామని లేచాను. మా ఊళ్ళో అదే పద్ధతి. పుల్లన్న ఒక్క ఉదుటున అడ్డం వచ్చాడు. "తొక్క ఈడ్నే పడెయ్యి మామా! కాయ నీది, తొక్క చేనుది. ఈడ తిన్నోడు ఎవురైనా అంతే."

అమ్మేవాడు కొన్నవాణ్ణి అలా నిలబెట్టడం నాకు కొత్త. కానీ అతను గదమాయించలేదు, గుడిలో చెప్పులు విప్పమన్నట్టు చెప్పాడు. తొక్కలు పాదుల మధ్య వేసి వచ్చాను.

గండికోట చూశారా అని తిరిగి వచ్చాక చాలామంది అడిగారు. చూడలేదు. కోట ఎలా పడిపోతుందో తెలుసుకోవడానికి నాకు కొండ ఎక్కే పని లేదు.

బస్సులో ఒక నష్టం

పులివెందుల బస్సులో నా పక్కన కూర్చున్న ముసలాయన ఒళ్ళో మేకపిల్ల ఉంది. నేను కిటికీ నుంచి శనగ పీకిన చేలు చూస్తున్నాను. తల తిప్పేసరికి కండువా అంచు జానెడు లేదు. మేకపిల్ల కళ్ళు మూసుకుని నములుతోంది.

"అయ్యో, జరీ!" అన్నాను.

ముసలాయన దాని నోట్లో వేలు పెట్టి వెతికాడు. "పోయిందప్పా. ఏం బయపడొద్దు, జరీ దానికి అరగదు. రేపు పొద్దునకు తిరిగొస్తాది. ఏ ఊరో చెప్పు, కడిగి పంపిస్తా."

బస్సంతా నవ్వింది. కండక్టరు మేకపిల్లకు టిక్కెట్టు కొట్టలేదని అప్పుడే గుర్తు తెచ్చుకున్నాడు. జరీ తిన్న జీవానికి అర టిక్కెట్టు ఏమిటి, పూర్తి టిక్కెట్టు కొట్టాలని వెనక సీటులో ఎవరో అన్నారు. మిగిలిన కండువాను మడిచి, తెగిన అంచు లోపలికి వచ్చేలా వేసుకున్నాను.

పులివెందుల: గడ్డి ఎవరిది?

నరసమ్మ మంద ఊరికి పడమట కొండ కింద ఉంది. నరసమ్మకు నలభై దాటి ఉంటాయి. మంద చాలావరకు ఆమెదే. తమ్ముడు ఈరన్న, ఇంకా నలుగురు బంధువులు ఆమె మాట మీద నడుస్తారు. నేను వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది, తడికలు పాతుతున్నారు. నన్ను చూసి కంబళి పరిచి, అడగకుండానే జొన్న సంగటి ముద్ద, శనక్కాయల ఊరిబిండి, చెంబెడు మజ్జిగ పెట్టింది. మా వైపు వచ్చినవాడి పని తెలుసుకుని అన్నం పెడతారు. ఇక్కడ అన్నం పెట్టి పని అడుగుతారు. రెండోదే మేలు. కడుపు నిండినవాడు అబద్ధాలు తక్కువ ఆడతాడు.

మా ఊరి పేరు, వచ్చిన పని చెప్పాను. తొలకరి దాకా ప్రతి రాత్రీ మా చేలోనే మంద పెట్టాలని, గింజలు నిండుగా కొలుస్తానని, తొందరగా నడిపించుకుని రావాలని.

"తొందరగా నడిస్తే ఏమొస్తాది పెద్దాయనా?" అంది నరసమ్మ. "తిన్నదంతా కాళ్ళల్లోనే కాలిపోతాది. నీ చేనుకు కొమ్ములు, తోలు మిగుల్తాయి. మేపుకుంటా పోవాల."

"తెలుసు. అందుకే వేంపల్లె దారిన కొండ అంచు పట్టుకుని పోదాం. తుమ్మకాయలు రాలే కాలం. జీవాలు తింటూనే నడుస్తాయి, మధ్యాహ్నం నీడ కూడా ఉంటుంది."

ఆమె ఈరన్న వైపు చూసింది. అతను తల ఊపాడు. ఆ దారి వాళ్ళకు నచ్చింది. ఒప్పందం కుదిరిందనే అనుకున్నాను.

"సరే, మీ ఊరొచ్చినామనుకో. పగలు నా జీవాలు ఏం తినాల?"

"చేలల్లో పైరు కోసిన కొయ్యకాళ్ళు ఉన్నాయి. గట్ల మీద గడ్డి ఉంది."

"ఎవురి చేలల్లో?"

"ఊరివాళ్ళవి."

"రాత్రి పెంట?"

"నాది. గింజలు ఇస్తున్నాను కదా."

ఆమె తొడ మీద చరిచి నవ్వింది. "వింటివా ఈరన్నా! మేత ఊరిదంట, పెంట ఈయప్పదంట!"

నా ముఖం కందింది. ఇందులో నవ్వడానికి ఏముందన్నాను. అప్పుడు ఆమె మా ఇంటి పేరు తనే చెప్పింది. ఆమె అత్త కాలంలో ఈ మంద మా ఊరు వచ్చేదట. పగలు ఊరందరి చేలూ మేసేదట. రాత్రి మాత్రం పెద్దింటి చేలోనే పడుకునేదట. వేరే చేలో తడిక పాతే ధైర్యం ఎవరికీ లేదట. ఏటేటా మా చేను నల్లబడింది, చుట్టూ ఉన్న చేలు తెల్లబడ్డాయి. మా ఇల్లు తగ్గిన మరుసటి ఏడే, ఊరివాళ్ళు పొలిమేరలో నిలబడి మందను వెనక్కి తిప్పారట.

"గొర్రెల మీద కోపంతో కాదు పెద్దాయనా. ఆ పద్ధతి మీద."

నేను లేచి నిలబడ్డాను. "మా తాత ఎవరికీ గింజ తక్కువ కొలవలేదు."

"తక్కువ కొలిచినాడని నేనన్నానా? మాకు నిండుగానే కొలిచినాడు. గడ్డిచ్చినోళ్ళకు ఏం కొలిచినాడు?"

మళ్ళీ కూర్చున్నాను. మా చేను గొప్పదని, మా చేతివాసి మంచిదని చిన్నప్పటి నుంచి విన్నాను. నేనూ అందరికీ చెప్పాను. ఆ బలం మా నేలలో పుట్టింది కాదు. పక్క చేలల్లో ఎండ తాగి గడ్డి అయింది, గొర్రెల నోటితో మా గట్టు దాటి వచ్చింది. రావడమే గానీ పోవడం లేదు.

నరసమ్మ షరతు పెట్టింది. ఎవరి చేలో పగలు మేస్తే వాళ్ళ చేలో ఒక రాత్రి మంద పెట్టాలి. నా వంతు నాకు వస్తుంది, అంతకు మించి రాదు. దారి పొడుగునా, మా ఊళ్ళోనూ మేత అడగవలసింది నేనే. "మేమడిగితే రాళ్ళేస్తారు. నువ్వు మంద ముందర నడువు."

తెల్లవారి చెప్తానన్నాను. నాకు తల వంచడం అలవాటు లేదు. వంచక తప్పనప్పుడు, ఎవరి ముందు అన్నది ఒక్కటే ఎంచుకోవడానికి మిగిలింది. ఒక పక్క చేను కౌలుకు అడిగే ప్రొద్దుటూరు వ్యాపారి, ఒక పక్క మా ఊరు. తెల్లవారి మజ్జిగ తాగి, మంద ముందర నడిచాను.

తుమ్మలపల్లె: మొదటి మాట

పులివెందుల నుంచి వేంపల్లె వైపు పోతుంటే తుమ్మలపల్లె వస్తుంది. మెట్ట చేలు. జొన్న కోసిన కొయ్యకాళ్ళు మోకాలెత్తున ఉన్నాయి. చేలో ఒక రైతు కట్టెలు కొడుతున్నాడు. మంద వెనక ఆగింది. నేను ఒక్కణ్ణే వెళ్ళాను.

"ఎవరప్పా నువ్వు?" అన్నాడు.

మా ఇంటి పేరు చెప్పాను. మా ఊరు, మా నాన్న పేరు, మా తాత పేరు చెప్పాను. అతను గొడ్డలి భుజాన వేసుకుని ఓపికగా విన్నాడు.

"పెద్దోళ్ళే. ఇప్పుడు నాతో ఏం పని?"

"మీ చేలో గొర్రెలు మేపుకోనివ్వాలి. రాత్రికి మంద ఇక్కడే పెడతాము."

"నా చేలోనా?" అతని ముఖం విచ్చుకుంది. "ఆ మాట ముందర చెప్పరాదా! మీ తాత పేరెందుకప్పా నాకు? తోలు, తోలు!"

అతని భార్య అందరికీ అంబలి తెచ్చింది. ఆ తరువాత ఊళ్ళలో మా తాత పేరు ఎత్తలేదు. పని తొందరగా అయింది. వేంపల్లె దాటాక ఒకచోట మాత్రం కుక్కలను వదిలారు. పంచె ఎత్తి పట్టుకుని పరుగెత్తడం నా వయసులో అంత తేలిక కాదని అక్కడ తెలిసింది. ఈరన్న ఆ రోజు నుంచి దాన్ని తలుచుకున్నప్పుడల్లా నవ్వాడు. రెండు రోజులు ఓర్చుకున్నాను, మూడో రోజు నేనూ నవ్వాను.

మా ఊరు: మబ్బు

పెన్న దాటి మా పొలిమేరకు వచ్చాక మందను ఆపి, ఇల్లిల్లూ తిరిగాను. మా చేనుకు దిగువ చేను సుబ్బరాయుడిది. అరుగు మీద పదిమంది ఉండగా అడిగాను.

"ఏందీ? ఇనపళ్ళా సామీ," అన్నాడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

మళ్ళీ చెప్పాను. గడ్డి మీది, రాత్రి కూడా మీది, వంతులవారీగా.

"ఇంకొక్కసారి చెప్పు సామీ. మా నాయన ఈ మాట ఇనాలని శానా ఏండ్లు కూచుండె. నేనన్నా కడుపునిండా ఇంటా."

మూడోసారి కూడా చెప్పాను. అరుగు మీద ఎవరూ నవ్వలేదు. సుబ్బరాయుడు లేచి, పొలిమేర దాకా నాతో వచ్చి, మందకు తనే దారి చూపించాడు.

నా వంతు చివర వచ్చింది. కోరుకున్నదానికన్నా తక్కువ రాత్రులు. చేనులో సగమే నల్లబడింది. ఆఖరి రాత్రి గడిచి మంద లేచిపోయిన రోజు, మధ్యాహ్నానికి పడమట మబ్బు కమ్మింది. పెంట ఇంకా నేల మీదనే ఉంది. దున్ని కలపకముందే జోరుగా వాన పడితే అదంతా వాలున సుబ్బరాయుడి చేలోకి, అక్కడి నుంచి కాలువలోకి. ఇక కౌలు తప్పదు.

కాడెద్దులు ఉన్నాయి. నాగలి పట్టే మనిషి లేడు. ఆ ఏడు మంద పడుకోని చేను లేదు, అందరి నాగళ్ళూ వాళ్ళ వాళ్ళ చేలల్లోనే ఉన్నాయి. కండువా తీసి గట్టు మీద పెట్టి, నేనే పట్టాను. మా ఇంట్లో నాగలి పట్టినవాడు ఎవరైనా ఉంటే, వాడి పేరు మాకు చెప్పలేదు.

"ఏంది సామీ, సాలు పాము పోయినట్ల పోతాంది!" దిగువ చేలో నుంచి సుబ్బరాయుడు అరిచాడు.

"నా ఎరువు నీ చేలోకి రాకుండా తిప్పుతున్నాను!"

"రానీలే! నా గడ్డే గదా!"

నవ్వు వచ్చి నాగలి పక్కకు పడింది. ఎద్దులు ఆగి వెనక్కి చూశాయి. సరిచేసి, వాలుకు అడ్డంగా తోలాను. చివరి సాలు తిరుగుతుండగా చినుకులు మొదలయ్యాయి.

సుబ్బరాయుడు గోనె సంచి తల మీద వేసుకుని గట్టెక్కాడు. సంచిలో సగం నా తల మీదికి కప్పాడు. వాన వెలిసే దాకా ఇద్దరం అక్కడే నిలబడి, నీళ్ళు ఎటు పోతాయా అని చూశాము. ఎటూ పోలేదు. సాళ్ళలో నిలిచి, నిలిచినచోటే ఇంకాయి.

మరునాడు ప్రొద్దుటూరు వ్యాపారి మనిషి కౌలు మాట అడగడానికి వచ్చాడు. మజ్జిగ ఇచ్చి, పసుపు నాటే కూలీలు ఎక్కడైనా దొరుకుతారేమో అతన్నే అడిగాను.